బావ ఊపిరికి ఇరవై నాలుగు వోల్టులు

కళ్ళద్దాల షాపు,
మధ్యాహ్నం భోజనం వేళ

చిరంజీవి తమ్ముడికి, అక్క దీవెనలు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వుకోకు. మాది గదిన్నర ఇల్లు. నేను వంటింట్లో గుసగుసలాడినా మీ బావకి వినిపిస్తుంది. ఒంట్లో అన్నీ ఒక్కొక్కటే చేతులెత్తేస్తున్నా ఆయనవి ఇంకా పాము చెవులే. ఫోన్లో నేను “బాగానే ఉన్నార్రా” అంటాను, నువ్వు “సరే అక్కా” అంటావు. ఆ రెండు ముక్కల మధ్య ఇరుక్కుపోయిందంతా రాద్దామని కూర్చున్నాను. జవాబు ఈ షాపు అడ్రసుకే రాయి. మా ఓనరుగారు పరాయి కవరు విప్పే మనిషి కాదు. పైగా కళ్ళజోడు పెట్టుకోకపోతే ఆయనకి కవరే కనబడదు.

మీ బావ నరాల జబ్బు ముందు కాళ్ళని పట్టుకుంది, తర్వాత చేతులని. ఇప్పుడు రొమ్ము దాకా వచ్చింది. ఊపిరి పీల్చుకోవడానికి కండరాల్లో బలం చాలడంలేదని డాక్టరమ్మ ఒక మెషీన్ రాసింది. మాస్కు పెట్టి గాలి నెడుతుంది. పాతరకం మెషీన్, అద్దెకి తెచ్చాం. రోజులో సగం దాని మీదే ఉంటారు. గోడకి ప్లగ్గు, ప్లగ్గుకి మెషీన్, మెషీన్‌కి గొట్టం, గొట్టానికి మీ బావ. గోడ ఎంత దూరమో ఆయన ప్రపంచం అంత దూరం.

ఇంతకీ విషయం ఏంటంటే, ఆయన పని నేర్చుకున్న పాత లిఫ్ట్ ఒకటుంది చూడు, పెద్ద పోస్టాఫీసు భవనంలో. ఇత్తడి పిడి తిప్పితే కదిలేది, మడతల తలుపులది. దాన్ని పీకేసి కొత్తది పెడుతున్నారట. వానలు తగ్గాక పని మొదలుపెడతారని గ్రీజు అన్నయ్య చెప్పాడు. ఆయనతో పాతికేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి, నీకు తెలుసుగా. అది విన్న దగ్గర్నుంచి మీ బావ ఒకటే మాట. “ఒక్కసారి ఎక్కి దిగొస్తాను.” నోరు తెరిచి ఏదీ అడగని మనిషి అడిగాడు.

మెషీన్ లేకుండా అంతసేపు ఉండలేరు. ఆ మెషీన్‌కి బ్యాటరీ దొరకదట, కంపెనీవాళ్ళు చెయ్యడం మానేశారట. నువ్వు చేసేది ఆ పనే కదా, ఒక కరెంటుని ఇంకో కరెంటుగా మార్చడం. చెయ్యగలవా?

మీ బావ అంటున్నారు, “ఫ్యూజుగాడిని అడుగు. ఎగరగొట్టినవాడికే బాగుచెయ్యడం తెలుస్తుంది” అని. చిన్నప్పుడు మా ఇంటికొచ్చి నువ్వు చేసిన నిర్వాకం ఆయన చచ్చినా మర్చిపోరు.

నీ అక్క


వర్క్‌షాపు,
నా బెంచి దగ్గర్నుంచి

అక్కా,

చెయ్యగలను. ముందు ఆ మాట రాసేశాను, ఇక మిగతాది నెమ్మదిగా చదువుకో.

మెషీన్ వెనక స్టిక్కరు ఫోటో గ్రీజు అన్నయ్యతో పంపించావు కదా, చూశాను. దానికి ఇరవై నాలుగు వోల్టులు కావాలి. నేను నాలుగు లిథియం సెల్స్ వరసగా కలిపితే నిండుగా ఉన్నప్పుడు పదహారు పైన వస్తుంది, అయిపోయేసరికి పన్నెండుకి దిగుతుంది. అంటే ఆ పన్నెండునీ పదహారునీ ఎప్పుడూ ఇరవై నాలుగుగా పెంచి ఇచ్చే చిన్న బోర్డు మధ్యలో ఉండాలి. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మా దగ్గర రోడ్డు పక్క సిగ్నల్ దీపాలకి ఇలాంటివే చేస్తాం. దీపం ఓసారి మిణుకుమన్నా ఎవడూ చావడు, అదొక్కటే తేడా.

ఆ తేడా కోసమే నాకు కొన్ని వివరాలు కావాలి. మెషీన్ ఎంత ప్రెషర్ మీద పెట్టారు? లోపలికి నెట్టేటప్పుడు ఎంత, వదిలేటప్పుడు ఎంత? డాక్టరమ్మ కాగితం మీద రాసి ఉంటుంది. గాలి నెట్టే ప్రతిసారీ మోటారు ఒక్క గుటకలో బోలెడు కరెంటు లాగుతుంది. ఆ గుటక ఎంత పెద్దదో తెలిస్తేనే సామాను ఎంచుకోగలను. గుర్తుపెట్టుకో, ఆ రెండు అంకెల మీదే ఈ బోర్డంతా నిలబడుతుంది.

బావకి చెప్పు, ఆ ఫ్యూజు నేను ఎగరగొట్టలేదు, అదే ఎగిరిపోయింది అని. బోర్డు తయారవగానే నేనే పట్టుకుని వస్తాను. నా చేత్తోనే తగిలిస్తాను.

నీ తమ్ముడు


కళ్ళద్దాల షాపు

తమ్ముడికి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఇది చదివినా పరవాలేదనిపించింది. “చెయ్యగలను” అన్న చోట కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. “మళ్ళీ చదువు” అన్నారు.

నువ్వడిగిన అంకెలు: నెట్టేటప్పుడు పద్నాలుగు, వదిలేటప్పుడు అయిదు. కాగితం చూసే రాస్తున్నాను.

ఇంట్లో మాటలు ఇలా ఉన్నాయి. నిన్న గ్రీజు అన్నయ్య వచ్చాడు. వచ్చి గుమ్మంలో నిలబడి, “ఏం బావా, ఇంకా పడుకునే ఉన్నావా, డ్యూటీకి రావా?” అన్నాడు. ఎప్పుడూ అనే మాటే. మీ బావ మాస్కులోంచి, “కేబుల్ తెగింది” అన్నారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వితే ఆయనకి ఊపిరి అందదు. మెషీన్ కూసింది. నేను వెళ్ళి సర్దాను. అన్నయ్య మొహం పాలిపోయింది. మెట్లు దిగేటప్పుడు కండువాతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు. మా బిల్డింగులో లిఫ్ట్ ఉంది, అది బాగుచేసేదీ అన్నయ్యే. అయినా మెట్లే దిగాడు.

నువ్వు తెస్తానన్నావని మీ బావ తన పక్కన ఇంకో మంచం వెయ్యమంటున్నారు, ఇప్పట్నుంచే.

అక్క


వర్క్‌షాపు

అక్కా,

సామాను ఎంచడం మొదలుపెట్టాను. బావకి ఇలాంటివి ఇష్టం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నీకు విసుగొస్తే దాటెయ్యి.

అన్నిటికన్నా ముఖ్యం కాయిల్. నల్లటి కోరు మీద రాగి తీగ చుట్టి ఉంటుంది. కరెంటుని కాసేపు దాచి, పైకి తోసేది అదే. ప్రతి కాయిల్‌కీ ఇంత కరెంటు మొయ్యగలను అని ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిందా, అది కాయిల్‌లా ఉండదు, ఉత్త తీగ అయిపోతుంది. అప్పుడు బోర్డు తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. నువ్విచ్చిన అంకెల్నిబట్టి లెక్కేశాను. మామూలుగా ఆరేడు ఆంప్స్, మహా అయితే ఎనిమిది. పది మోసే కాయిల్ తీసుకున్నాను. ఇంకా పెద్దది ఉంది, కానీ అది ఇటుకంత బరువు. బావ ఒళ్ళో పెట్టుకోవాలి కదా.

ఇందులో ఒక తిరకాసు ఉంది. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు పని తేలిక. అది అయిపోతున్నకొద్దీ వోల్టేజీ పడిపోతుంది. అదే ఇరవై నాలుగు ఇవ్వాలంటే దాన్నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగాలి. శక్తి ఉడిగిపోతున్నప్పుడే ఎక్కువ పిండుకోవాలన్నమాట.

కరెంటు ఎగుడుదిగుళ్ళు సర్దే కెపాసిటర్లు ఇంకో మోసం. మీద రాసినంత లోపల ఉండదు. వోల్టేజీ పెట్టగానే చిన్నవాటిలో సగం ఆవిరి. అందుకని ఒకటి చాలనిచోట నాలుగు పెట్టాను. కరెంటు వెనక్కి రాకుండా ఆపడానికి డయోడ్ పెడితే వేడెక్కి బ్యాటరీని తినేస్తుందని దాని బదులు ఇంకో ట్రాన్సిస్టర్ పెడుతున్నాను. వేడిగా పోయే కరెంటంతా బావ ఊపిరిలోంచి పోయేదే కదా.

మా టెస్టింగ్ మేడమ్‌కి చూపించాను. ఆవిడ నవ్వగా ఎవరూ చూడలేదు. బోర్డు అటూ ఇటూ తిప్పి, “ఇది అమ్మేదా?” అంది.

“కాదు మేడమ్, మా బావకి.”

“అంకెలు ఎవరిచ్చారు?”

“మా అక్క.”

“నువ్వు చూశావా?”

“మా అక్క మేడమ్.”

ఆవిడ బోర్డు నా చేతిలో పెట్టేసి వెళ్ళిపోయింది.

తొందరపడుతున్నాను, కానీ తొందరగా చెయ్యను. అర్థం చేసుకో.

తమ్ముడు


షాపు

తమ్ముడూ,

వానలు తగ్గాయి. పోస్టాఫీసు భవనం చుట్టూ రేకులు పాతుతున్నారట. గ్రీజు అన్నయ్య వెళ్ళి కంట్రాక్టరుని బతిమాలాడు, కొన్నాళ్ళు ఆ లిఫ్ట్ జోలికి పోవద్దని. అతను “చూద్దాంలే” అన్నాడట. చూద్దాం అంటే ఏంటో మనకి తెలుసు.

మీ బావ గొంతు బాగా తగ్గిపోయింది. మాట కన్నా ముందు గాలి వస్తుంది. నేను పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాను. షాపులో రోజంతా మొహాలు కొలిచే పనే కదా, అలవాటైపోయింది.

నీ కాయిల్ సంగతి చదివి వినిపించాను. “శక్తి ఉడిగినప్పుడే ఎక్కువ పిండుకోవాలి” అన్న చోట నా వైపు చూశారు. నేను కాగితంలోంచి తలెత్తలేదు.

ఎప్పుడు వస్తున్నావు?

అక్క


వర్క్‌షాపు

అక్కా,

అయిపోయింది! కొరియర్లో పంపిస్తున్నాను. నేనే తెద్దామనుకున్నాను కానీ ఇక్కడ పెద్ద ఆర్డరు పీకల మీదకొచ్చింది, సెలవు కుదరలేదు. వచ్చే నెల తప్పకుండా.

నల్ల డబ్బా, రొట్టెముక్కంత. మీద పచ్చ దీపం వెలిగితే అంతా బాగున్నట్టు. ఒకటే ఒట్టు. ముందు ఇంట్లో, గోడ ప్లగ్గు పక్కనే కూర్చోబెట్టి నడిపి చూడు. ఒక పూటంతా నడవాలి. నడిస్తేనే వీధిలోకి. ఇక్కడ నా బెంచి మీద పద్నాలుగు ప్రెషర్‌కి సరిపడా లోడు పెట్టి, బ్యాటరీ వట్టిపోయేదాకా నడిపాను. చెక్కుచెదరలేదు. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది, అంతే.

లిఫ్ట్‌లో ఫోటో తీసి పంపు. బావ చేతిని ఆ ఇత్తడి పిడి మీద పెట్టి తియ్యి.

ఫ్యూజు


షాపు

తమ్ముడూ,

ఆగిపోయింది.

నువ్వు చెప్పినట్టే గోడ పక్కనే పెట్టాను. గ్రీజు అన్నయ్య కూడా ఉన్నాడు. పచ్చ దీపం వెలిగింది. మీ బావ దాన్నే చూస్తూ కూర్చున్నారు. బాగా నడిచింది. ఎంత బాగా నడిచిందంటే అన్నయ్య చక్రాల కుర్చీ తుడవడం మొదలుపెట్టాడు, నేను ఆయన చొక్కా ఇస్త్రీకి తీశాను. ఆయన బయటికి వెళ్ళే చొక్కా మడత పడి ఎన్నాళ్ళయిందో.

ఉన్నట్టుండి మెషీన్ కూసింది. గాలి ఆగింది. మళ్ళీ దానంతటదే మొదలైంది, రెండు ఊపిర్లు ఇచ్చి మళ్ళీ ఆగింది. పచ్చ దీపం ఆరి వెలుగుతోంది. నా చేతిలో ఇస్త్రీపెట్టె. ప్లగ్గు పక్కనే ఉంది, కానీ నా చేతులు రాలేదు. అన్నయ్య దూకి గుచ్చాడు. ఆయన పెదాలు నీలంగా అయిపోయాయి. కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. భయం లేదురా వాటిలో. నన్ను చూసి జాలిపడుతున్నట్టు ఉన్నాయి.

తేరుకున్నాక ఆయన అడిగిన మొదటి మాట, “వాడికి ఏ అంకెలిచ్చావు?”

తమ్ముడూ, పద్నాలుగు నేను నీకు మొదట రాసినప్పటికే పాతమాట. అప్పటికే డాక్టరమ్మ పెంచేసింది. ఇప్పుడు ఇరవై రెండు మీద ఉన్నారు. సగం రోజు కాదు, స్నానానికి తప్ప మాస్కు తియ్యడం లేదు. నీకు పాత కాగితం చూసి రాశాను. అబద్ధం చెప్పాలని కాదు. పద్నాలుగు అని రాస్తుంటే ఆయన ఇంకా పద్నాలుగు దగ్గరే ఉన్నట్టు ఉండేది. ఇరవై రెండు అని నా చేత్తో రాస్తే, దాని తర్వాత ఏ అంకె వస్తుందో కూడా రాయాల్సి వస్తుందనిపించింది.

నీ బోర్డు తప్పు లేదు.

అక్క


వర్క్‌షాపు

అక్కా,

నీ ఉత్తరం చదివి బెంచి మీద ఉన్న సామానంతా చేత్తో తోసేశాను.

ఇరవై రెండు మీద లోడు పెట్టి చూశాను. బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపూ నడుస్తుంది. కాస్త దిగేసరికి గుటక గుటకకీ కాయిల్ పదకొండు దాటుతోంది. హద్దు దాటి ఉత్త తీగ అయిపోతోంది. నీకు జరిగింది జరిగినట్టే నా బెంచి మీద జరిగింది. మూడుసార్లు చూశాను. పచ్చ దీపం ఆరినప్పుడల్లా బావ పెదాలు కనబడ్డాయి.

ఎంత పని చేశావక్కా! రెండు అంకెలు అడిగాను నిన్ను. రెండే అడిగాను. నా చేత్తో చేసిన డబ్బా నా బావ గొంతు పిసికేది. అప్పుడు నేను ఏమైపోయేవాణ్ణి? నువ్వేమైపోయేదానివి?

సరే. ఇక అనను.

కొత్తగా మొదలుపెట్టాను. ఇరవై మోసే కాయిల్. ఇటుకంత బరువున్నా సరే. సెల్స్ రెండింతలు. రెండు బోర్డులు పక్కపక్కనే, ఒకటి ఆగితే రెండోది మోస్తుంది. మేడమ్ అడక్కుండానే వచ్చి నా పక్కన కూర్చుంది. “ఈసారి ముప్ఫైకి చెయ్యి” అంది. “ఇరవై రెండే కదా మేడమ్” అన్నాను. “ఇవాళ ఇరవై రెండు” అంది. ముప్ఫైకే చేస్తున్నాను.

ఇక అన్నీ నిజమే రాయి. ఎంత ఘోరమైనా సరే.

తమ్ముడు


షాపు, స్టోరు రూములో

తమ్ముడూ,

నిజమే రాయమన్నావు. రాస్తున్నాను.

డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. మాస్కు ఇంకెన్నాళ్ళో చాలదని, గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి గొట్టం పెడితే మెషీన్ తిన్నగా ఊపిరితిత్తుల్లోకే గాలి ఇస్తుందని చెప్పింది. అలా చాలాకాలం ఉండొచ్చట. “కదలరు, మాట్లాడరు, కానీ ఉంటారు” అంది. మంచి మనిషి, మెల్లగా చెప్పింది.

మీ బావ తల ఊపలేరు. కళ్ళు గట్టిగా మూసి తెరిచారు. మా ఇంట్లో అది “వద్దు” అని.

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చాను. తిరిగొచ్చేసరికి పిలుస్తున్నారు. పెదాల దగ్గర చెవి పెట్టాను. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ చెప్పింది ఇది, నీకు చెప్పమన్నారు:

“ఫ్యూజుగాడు భయపడుతున్నాడు. వాడికి చెప్పు. జనం అనుకుంటారు, కరెంటు పోతే లిఫ్ట్ కింద పడుతుందని. పడదు. బ్రేకుని విడిపించి పట్టుకునేదే కరెంటు. అది పోయిన క్షణం స్ప్రింగు వచ్చి పట్టేసుకుంటుంది. ఆగుతుంది, అంతే. పాతికేళ్ళలో ఒక్కటి కూడా పడలేదు.”

రాశాను. నాకు ధైర్యం రాలేదు. నీకేమైనా వస్తుందేమో చూసుకో.

ఇంకోటి కూడా రాస్తాను, కోపం తెచ్చుకో పరవాలేదు. నువ్వు ఒక్కసారి కూడా రాలేదు. కాయిల్ గురించి రాస్తావు, కెపాసిటర్ గురించి రాస్తావు, ఇంకో బోర్డు గురించి రాస్తావు. మీ బావ పక్కన వేసిన మంచం మీద ఇప్పుడు మందులు పెడుతున్నాను.

అక్క


వర్క్‌షాపు

అక్కా,

కోపం రాలేదు.

ఎందుకు రాలేదో రాద్దామని రెండు కాగితాలు చింపేశాను. బెంచి మీద ఏదైనా ఆగితే ఎందుకు ఆగిందో వెతుక్కుంటూ పోవచ్చు. ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. మార్చెయ్యొచ్చు. అక్కడికొస్తే బావ మొహంలోకి చూసి నేనేం మార్చాలి?

కొత్త డబ్బా పంపుతున్నాను. ముప్ఫై ప్రెషర్‌కి పెట్టి, సెల్స్ అడుగంటేదాకా నడిపి, చల్లారనిచ్చి మళ్ళీ నడిపి, ఒక బోర్డు కావాలని లాగేసి కూడా నడిపాను. మేడమ్ పక్కనే నిలబడి చూసింది. “పంపు” అంది. బరువుగానే ఉంటుంది, కుర్చీ కింద కట్టండి.

గొంతు సంగతి బావతో ఇంకోసారి మాట్లాడు. ఇంకొక్కసారి.

తమ్ముడు


షాపు

తమ్ముడూ,

వెళ్ళొచ్చాం.

ముందు ఇంట్లో పూటంతా నడిపాం. ఈసారి నా చెయ్యి ప్లగ్గు మీదే పెట్టుకుని కూర్చున్నాను. దీపం ఆరలేదు. మర్నాడు ఉదయం గ్రీజు అన్నయ్య, అతని కొడుకు కుర్చీ దింపారు. ఇస్త్రీ చొక్కా వేశాను. ఎంత వదులైపోయిందో, వెనకాల పిన్నీసులు పెట్టాల్సి వచ్చింది. నీ డబ్బా కుర్చీ కింద కట్టాం. వీధిలోకి రాగానే ఎండ మొహం మీద పడింది. ఆయన కళ్ళు చికిలించి, ఆ ఎండలోకే చూస్తూ ఉన్నారు. టోపీ పెట్టబోతే వద్దన్నారు.

లిఫ్ట్ లేదు తమ్ముడూ. ముందురోజే దింపేశారు. గది ముక్కలు బయట లారీలో పడున్నాయి. ఇత్తడి పిడి ఎవరో పట్టుకుపోయారు. కంట్రాక్టరు చేతులు నలుపుకుంటూ, “ఇవాళ వస్తారని ఎవరూ చెప్పలేదండీ” అన్నాడు. అన్నయ్య అతని చొక్కా పట్టుకున్నాడు. “ఏడిసినట్టుంది, వదులు” అని మీ బావ పెదాలు కదిలాయి. నేనే పైకి అరిచి చెప్పాల్సొచ్చింది.

లోపలికి తీసుకెళ్ళమన్నారు. అడ్డంగా కట్టిన కర్రలు తీయించి, ఖాళీ గొయ్యి అంచు దాకా కుర్చీ తోశాం. తల వెనక్కి వాల్చి పట్టుకున్నాను. పైన కప్పు తీసేశారు, అంత ఎత్తున ఆకాశం ముక్క కనబడుతోంది. గోడలకి రెండు పక్కలా లిఫ్ట్ జారే ఇనప పట్టాలు మాత్రం ఇంకా ఉన్నాయి. ఆయన కింద నుంచి పైదాకా వాటినే చూశారు. కుర్రాడుగా ఉన్నప్పుడు దారానికి తూకం గుండు వేలాడదీసి వాటిని బిగించింది ఆయనేనట. “నిలువుగానే ఉన్నాయి” అన్నారు. అంతే. నా అరచేతుల్లో ఆయన తల బరువు తెలుస్తోంది. కుర్చీ కింద నీ డబ్బా మీద మెషీన్ ఊపిరి నెడుతూనే ఉంది.

ఇంటికొచ్చాక దీపం ఇంకా పచ్చగానే ఉంది. ఫోటో తియ్యలేదు.

గొంతు సంగతి మళ్ళీ అడిగాను. కళ్ళు గట్టిగా మూశారు. చాలాసేపు తెరవలేదు.

అక్క


వర్క్‌షాపు

అక్కా,

నేనొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి ఏ పనీ చేతికి అంటడం లేదు. అందరూ ఉన్నారు కాబట్టి అడగలేకపోయాను. ఫోన్లో అడగడానికి నోరు రావడంలేదు. అందుకే రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం బావ దేని మీద ఉన్నాడు? గోడ మీదా, నా డబ్బా మీదా? మీ వీధిలో ఆ రోజు కరెంటు పోయిందని గ్రీజు అన్నయ్య ఎవరితోనో అంటుంటే విన్నాను. దీపం ఎలా ఉంది? మెషీన్ కూసిందా? ఏదైనా వాసన వచ్చిందా? నేను అక్కడ డబ్బా విప్పి కొలిచినప్పుడు ఇంకా సగానికి పైనే ఉంది, బోర్డులు రెండూ బాగానే ఉన్నాయి. కానీ ఒక్కోసారి ఒక్క క్షణం ఆగి మళ్ళీ బాగైపోతాయి, తర్వాత చూస్తే ఏమీ తెలీదు. డబ్బా నాకు పంపెయ్యి, పూర్తిగా విప్పి చూస్తాను. సెల్స్ ఇంట్లో ఊరికే ఉంచడం కూడా మంచిది కాదు. కావాలంటే దాన్నే మార్చి నీకు కరెంటు పోయినప్పుడు వెలిగే దీపంగా చేసిస్తాను. ఫ్యాన్ కూడా తిరుగుతుంది. ఏ సైజు ఫ్యానో రాయి.

తమ్ముడు


ఇంట్లో,
కిటికీ దగ్గర

నాన్నా,

ఇక షాపు అడ్రసు అక్కర్లేదు, ఇంటికే రాయొచ్చు. వినేవాళ్ళు లేరు.

నువ్వడిగినదానికి జవాబు. కరెంటు పోయింది ఉదయం. అప్పుడు నీ డబ్బా మీదే ఉన్నారు, దీపం పచ్చగానే ఉంది. ఆ తర్వాత కరెంటు వచ్చింది, గోడకి మార్చాను. మధ్యాహ్నం ఆయన గోడ మీదే ఉన్నారు. కరెంటు ఉంది. మెషీన్ కుయ్యలేదు, ఏ వాసనా రాలేదు. నేను పక్కనే కూర్చుని ఆయన చేతి గోళ్ళు తీస్తున్నాను. గాలి లోపలికి వెళ్తోంది, వస్తోంది, రొమ్ము పైకి లేస్తోంది, దిగుతోంది. అన్నీ మామూలుగానే ఉన్నాయి. అందుకే నాకు తెలియలేదు. రెండో చెయ్యి అందుకుంటే చల్లగా తగిలింది. ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ మెషీన్ ఆయన రొమ్ముని ఎంతసేపు పైకి లేపిందో నాకు తెలీదు. నేను మాత్రం ఆ చేతి గోళ్ళు కూడా తీసి, అప్పుడు లేచి ఆపాను.

నీ వల్ల కాదు. నా వల్ల కాదు. ఏదీ ఆగలేదు, ఆయన తప్ప.

మెషీన్ అద్దెవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. అది ఉన్నచోట నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. గది ఇంత పెద్దదని నాకు తెలీదు.

నువ్వు వచ్చిన రోజు సంగతి అడుగుతాను, ఏమీ అనుకోకు. బస్సు దిగి తిన్నగా వచ్చావు. చెప్పులు విప్పావు. ఆయన్ని చూసి, నన్ను చూసి, కుర్చీ కింద ఉన్న డబ్బా చూశావు. మూలన కూర్చుని స్క్రూలు విప్పావు. అందరూ వస్తున్నారు, పోతున్నారు, నువ్వు తలెత్తలేదు. “సగానికి పైనే ఉందక్కా” అన్నావు నాతో, అప్పటికి నువ్వు మాట్లాడింది అదొక్కటే. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయావు. నీ మొహం నాకు సరిగ్గా గుర్తు రావడం లేదు. నీ నడినెత్తి గుర్తుంది.

డబ్బా పంపను. దీపం వద్దు. ఫ్యాన్ వద్దు. మంచం మీది మందులు తీసేశాను, దుప్పటి ఉతికి వేశాను.

రా. ఏమీ చేసి తేకు. ఊరికే రా.

అక్క